చేంతాడు మూడో కుబుసం

అనగనగా ఒక ఊళ్ళో... కాదులే, ఊళ్ళో కాదు. ఊరు దాటి, వాగు దాటి, రేగడి చేల గట్టున అనగనగా ఒక పాక. ఊళ్ళో ఎందుకు లేదంటావా, ఉండనిస్తేగా వాళ్ళని. వాళ్ళు పాములవాళ్ళు. పక్కింట్లో పాముబుట్ట ఉందంటే ఎవరికి నిద్ర పడుతుంది చెప్పు.

కాళ్ళు లోపలికి పెట్టుకో కుందనా. దుప్పటి సగం నేల మీదే ఉంది. ఆ, ఇప్పుడు విను. మధ్యలో అడ్డు తగిలావంటే కథ ఆపేసి గోడవైపు తిరిగి పడుకుంటా. తెలుసుగా నా సంగతి.

ఆ పాకలో గురవయ్య అని ఒక ముసలాయన, ఆయన మనవరాలు అంకి ఉండేవాళ్ళు. అంకి అంటే అంకమ్మ. నీ ఈడుదే, ఎనిమిదేళ్ళు ఉంటాయి. నీలాగే మొండిఘటం. వాళ్ళమ్మా నాన్నా ఇటుకబట్టీ పనికి పోయారు. వానలు పడితేగానీ బట్టీ ఆగదు, వాళ్ళు రారు. అందాకా తాతకి మనవరాలు, మనవరాలికి తాత.

గురవయ్య నాగుపాముల్ని ఆడించేవాడు కాదు. ఆయన పని వేరు. ఆయన దగ్గర ఒక జెర్రిపోతు ఉండేది. జెర్రిపోతుకి విషం ఉండదు. ఎలకల్ని పట్టి తింటుంది. ఆ రోజుల్లో రైతుల ఇళ్ళల్లో వడ్లు పోసుకునే గాదెలు ఉండేవి. గాదెల కింద ఎలకలు పిల్లాపాపలతో కాపురాలు పెట్టేవి. అప్పుడు రైతులు గురవయ్యకి కబురు పెట్టేవాళ్ళు. ఆయన గాదె పక్కన బుట్ట దించి మూత తీసేవాడు. పాము గాదె కిందికి దూరేది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎలక అలికిడి ఉండేది కాదు. కడుపు నిండాక అదే వచ్చి బుట్టలో చుట్ట చుట్టుకునేది. రైతులు ఇంత గింజ పెట్టి పంపేవాళ్ళు. తాతా మనవరాలూ అదే వండుకు తినేవాళ్ళు.

అంకి ఆ పాముకి చేంతాడని పేరు పెట్టింది. బావిలో వేసే తాడంత పొడుగు మరి. మనమూ ఒక పామును పెంచుకుందాం అమ్మమ్మా అని అడగబోతున్నావు, నాకు తెలుసు. ఆ మాట నోట్లోంచి వచ్చిందో, వీపు విమానం మోత మోగుద్ది. అది వాళ్ళకి తాతల నాటి నించి వచ్చిన విద్య. మనకి రాదు.

ఊళ్ళో పిల్లలెవరూ ఆ పాకవైపు వచ్చేవాళ్ళు కాదు. పాముందని భయం. అందుకని అంకికి ఆటకైనా మాటకైనా చేంతాడే. అది మెల్లగా చేతి మీదుగా పాకి భుజం ఎక్కి, మెడ వెనక నించి రెండో చేతి మీదికి దిగేది. అంకి దానికి అన్నీ చెప్పేది. గంజిలో ఉప్పెక్కువైందని చెప్పేది. అమ్మ గుర్తొచ్చిందని చెప్పేది. పాముకి మనలా చెవులుండవే పిచ్చిదానా అని తాత నవ్వేవాడు. అయినా చెప్పేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పాముని పట్టిన రోజే దాని ముందు నేల మీద అరచెయ్యి ఆనించి ఒట్టు పెట్టుకోవాలి. మూడు కుబుసాలు మా ఇంట, ఆ తర్వాత నీ పుట్ట నీది, అని. అంటే పాము మూడు సార్లు కుబుసం విడిచేదాకే వాళ్ళ దగ్గర ఉండాలి. మూడోది విడిచిన మర్నాడు దాన్ని పట్టిన చోటే వదిలెయ్యాలి. ఒక్క రోజు ఎక్కువ ఉంచుకున్నా మాట తప్పినట్టే.

కుబుసం అంటే ఏంటో చెప్పలేదు కదూ. పాము ఒంటి మీది పైపొర. నువ్వు ఎదిగితే నీ చర్మం కూడా నీతోపాటు సాగుతుంది. పాముకి అట్టా కాదు. పైపొర సాగదు, బిగుసుకుపోతుంది. అప్పుడు లోపల కొత్త పొర తయారవుతుంది. ఆ తర్వాత పాతదాన్ని వదిలేస్తుంది. మీ అమ్మ బిగుతైపోయిన గౌను చేతిలో పట్టుకుని ఇంకొక్క ఏడు వస్తుందిలే అంటుందే, పాము అట్టా అనదు.

విడిచే ముందు మూడు గుర్తులు కనపడతాయి. మొదట ఒళ్ళు మెరుపు తగ్గి మాసిపోతుంది. ఆ తర్వాత తిండి మానేస్తుంది, మూతి ముందు ఎలక తిరిగినా పట్టించుకోదు. ఆ తర్వాత కళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. పాముకి కంటిరెప్పలు ఉండవమ్మా. రెప్పకి బదులు కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది. కుబుసంతోపాటు అదీ ఊడాల్సిందే. అందుకని ఆ నాలుగు రోజులు దానికి సరిగ్గా కనపడదు. భయం భయంగా ఉంటుంది. ఎవరు ముట్టుకున్నా బుస కొడుతుంది. జ్వరం వచ్చిన రోజు నువ్వు మాత్రం చెయ్యి వెయ్యనిస్తావా ఏంటి.

అప్పుడు గురవయ్య దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళేవాడు కాదు. నీడలో పెద్ద బుట్ట పెట్టి, అందులో మూడు వస్తువులు ఉంచేవాడు. ఒక గరుకు రాయి. ఒక తడిపిన గోనెగుడ్డ. ఒక వెడల్పాటి మూకుడులో నీళ్ళు. కొన్ని రోజులకి పాము కళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఆ తర్వాత అది మూతి తీసుకెళ్ళి రాయికి రుద్దుకుంటుంది. పెదవి దగ్గర పొర చీలుతుంది. అక్కడినించి రాయికీ గోనెకీ ఒరుసుకుంటూ ముందుకి పాకుతుంది. పాత పొర తిరగబడి వెనక్కి ఊడొస్తుంది. బడి నించి వచ్చి నువ్వు మేజోడు లాగితే లోపలిది బయటికి వస్తుందే, అట్టా. తేమ ఉంటే మూతి నించి తోక దాకా ఒక్కటే ముక్కగా వచ్చేస్తుంది.

విడిచాక గురవయ్య కుబుసాన్ని ఒళ్ళో పరుచుకుని కళ్ళు వెతికించేవాడు. తల దగ్గర మినపగింజంత గుండ్రంగా రెండు అద్దాలు ఉండాలి. రెండూ ఉంటేనే అది కుబుసం కింద లెక్క. ఒకటి తక్కువైందంటే పాము కంటి మీద పాత పొర అట్టాగే ఉండిపోయినట్టు. అట్టాంటి పాముని వదలకూడదు. చూపు ఆనక, ఎర దొరక్క చచ్చిపోద్ది.

వెతికించేవాడు అన్నాను చూడు. ఎందుకంటే గురవయ్యకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలిసేది, మొహం తెలిసేది కాదు. పనంతా చేతులతోనే. పాము ఒంటి మీద చెయ్యి వేస్తే చాలు, దానికి ఆకలిగా ఉందో భయంగా ఉందో చెప్పేవాడు. చూపు కావాల్సిన చోట మాత్రం అంకిని పిలిచేవాడు. రోజూ పొద్దున్నే అడిగేవాడు, కళ్ళెట్టా ఉన్నాయే దానికి, అని. నల్లగా మెరుస్తున్నాయి తాతా, అనేది అంకి. అప్పుడు బుట్ట నెత్తికెత్తుకునేవాడు.

మొదటి కుబుసం చలి మొదలవకముందే విడిచింది. అంకి రెండు కళ్ళూ వెతికి చూపించింది. తాత ఒకటి అన్నాడు. అంకి చప్పట్లు కొట్టింది. అప్పుడింకా ఆ పిల్లకి ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాత మామిడి పూత రాలే రోజుల్లో రెండోది విడిచింది. మళ్ళీ కళ్ళు రెండూ దొరికాయి. తాత రెండు అన్నాడు. ఇంకొక్కటేనే అంకీ, ఆ తర్వాత దాని దారిన అది పోద్ది, అన్నాడు. అంకి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. తాత అంకిని పిలిచి, ఈసారి బుట్ట నువ్వే సర్దవే, నీకు చేతనవుతుంది ఇప్పుడు, అన్నాడు. పని అప్పగిస్తే పిల్ల సంబరపడుతుందనుకున్నాడు పాపం. అంకి బుట్ట ముందు కూర్చుని ఆలోచించింది. కుబుసం విడిస్తేనే గదా ఇది పోయేది. విడవకుండా చేస్తే?

చూశావా ఆలోచన. నీకూ నాకూ రాదమ్మా. పాములవాళ్ళ పిల్లకే వస్తుంది. కుబుసం ఎట్టా వస్తుందో తెలిసినవాళ్ళకే, ఎట్టా రాకుండా పోతుందో తెలుస్తుంది. అంకి గరుకు రాయి తీసి పాక వెనక పారేసింది. గోనెగుడ్డ తడపకుండా పొడిదే పెట్టింది. మూకుడు బోర్లించింది. బుట్టని నీడలోంచి తీసి, ఎండ తగిలే చూరు కింద పెట్టింది. పాముకి కీడు చెయ్యాలని కాదే. దాన్ని ఉంచుకోవాలని, అంతే.

నాలుగు రోజులకి తాత పాము మీద చెయ్యి వేసి ఆగాడు. ఒళ్ళు గరుగ్గా తగులుతోందేమే, కుబుసానికి వచ్చిందా, అన్నాడు. దుమ్ము తాతా, గాలి లేస్తోంది గదా, అంది అంకి. అది మొదటి అబద్ధం.

ఆ తర్వాత రెండు రోజులకి, ఎలకని ముట్టుకోలేదేమే ఇది, అన్నాడు. ఎండకి తాతా, నాకూ ఆకలవడం లేదు, అంది. అది రెండోది.

ఆ తర్వాత పాము కళ్ళు పాలలా తెల్లబడ్డాయి. అంకి చూసింది. పొద్దున్నే తాత ఎప్పటిలాగే అడిగాడు, కళ్ళెట్టా ఉన్నాయే. నల్లగా మెరుస్తున్నాయి తాతా, అంది. మూడోది అదీ. ఆ తర్వాత ఎన్ని రోజులు అడిగినా అదే మాట చెప్పింది. ముసలాయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు.

ఇట్టా వారం గడిచింది. అప్పుడు ఊళ్ళో ఒక ఆసామి భార్య శేషారత్నం నించి కబురు వచ్చింది. గాదె కింద ఎలకలు తెగ తిరుగుతున్నాయి, రమ్మని. గురవయ్య బుట్ట ఎత్తుకున్నాడు. అంకి కూడా వెళ్ళింది. తాతని వెళ్ళకుండా ఆపాలంటే నిజం చెప్పాలి గదా.

గాదె పక్కన మూత తీశారు. చేంతాడు బయటికి రాలేదు. గురవయ్య మెల్లగా చెయ్యి పెట్టి బయటికి తీశాడు. దానికి ఎటు పోవాలో తెలియలేదు. గాదెవైపు కాకుండా గోడవైపు పోయింది. మూతి గోడకి కొట్టుకుంది. వెనక్కి తిరిగి మళ్ళీ కొట్టుకుంది. గురవయ్య పట్టుకుందామని చెయ్యి చాచాడు. అది బెదిరిపోయి ఆ చేతినే కరిచింది.

ఏడాదిలో ఒక్కసారి కూడా కరవని పాము. విషం లేదు, నిజమే, కానీ బొటనవేలు దగ్గర రెండు వరసల గాట్లు పడి నెత్తురు కారింది. అప్పుడు శేషారత్నం లోపల్నించి పసుపు తెచ్చి, వయసైపోయింది గురవయ్యా, ఇంక పాములు నీ మాట వినవులే, అంది. మంచికే అంది ఆవిడ. గురవయ్య పాముని బుట్టలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇంటికొచ్చి పాక ముందు కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి తడుముకున్నాడు. ఆ తర్వాత అన్నాడు. "నా చేతులు చెడిపోయాయే అంకీ. కళ్ళు పోతే పోయాయి, చేతులున్నాయిలే అనుకున్నా. ఒళ్ళు గరుగ్గా తగిలింది. కుబుసానికి వచ్చిందనే అనుకున్నా. నువ్వేమో కళ్ళు నల్లగా ఉన్నాయన్నావు. నా చెయ్యే తప్పు చెప్పిందన్నమాట."

అంకి బుట్ట మూత నొక్కి పట్టుకుంది.

"పాము సంగతి తెలియనివాడు పాముని దగ్గర పెట్టుకోకూడదు," అన్నాడు తాత. "రేపు పొద్దున్నే దాన్ని వదిలేద్దాం. మూడోది కాకముందే వదిలితే మాట తప్పినట్టు కాదులే. ఇంక ఈ పని నాకొద్దు."

అర్థమైందా కుందనా? ఏది జరగకూడదని అబద్ధాలాడిందో అదే జరగబోతోంది. అంతకన్నా ఘోరంగా జరగబోతోంది. చూపు లేని పాముని రేపు పొద్దున్నే చేలో వదిలేస్తారు.

అంకి పాక వెనక్కి బుట్ట తీసుకెళ్ళి మూత తీసింది. అప్పుడు సరిగ్గా చూసింది చేంతాడుని. పొర ఊడాల్సిన వేళకి ఊడక ఒంటికి అతుక్కుపోయి, అక్కడక్కడా చిట్లింది. తోక చివర చుట్టూ ఉంగరంలా బిగుసుకుని, ఆ కింద తోక వాచింది. కళ్ళ మీద పొర ముడతలు పడి ఎండిపోయి ఉంది. అది తల ఎత్తింది గానీ అంకివైపు చూడలేదు. అంకి ఎక్కడుందో దానికి తెలియలేదు.

అప్పుడు అంకి ఇంకో తప్పు చేసింది. గోళ్ళతో మెడ దగ్గర పొర పట్టుకుని లాగింది. మొన్న మోకాలి మీద పొక్కు పీక్కుని ఏడ్చావే నువ్వు, అదే పని. కొంచెం ఊడింది. దాని కింద కొత్త పొర ఇంకా పచ్చిగా ఉంది, ఎర్రటి చెమ్మ తేలింది. చేంతాడు మెలికలు తిరిగిపోయింది. అంకి బుట్ట అక్కడే వదిలేసి తాత దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, నీ చేతులు బాగానే ఉన్నాయి," అంది. "నేనే అబద్ధం చెప్పాను. దుమ్ము కాదు. ఎండకి కాదు. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. రాయి నేనే పారేశాను, గోనె తడపలేదు. అది పోకూడదని చేశాను." అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పేసి దెబ్బ కోసం వీపు వంచి నిలబడింది.

తాత కొట్టలేదు. "కళ్ళు తెల్లబడి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఎనిమిది రోజులు."

"నాకు నీ మీద చాలా కోపంగా ఉంది," అన్నాడు తాత. "అది తర్వాత చూసుకుందాం. ముందు నీళ్ళు కాచు. మరీ వేడి వద్దు. ముంజేతి మీద పోసుకుంటే గోరువెచ్చగా తెలియాలి, అంతే."

అంకి నీళ్ళు కాచింది. వెడల్పాటి గంగాళంలో పాము ఒళ్ళు సగం మునిగేంత పోశారు. తల పైన ఉండాలి, ఊపిరి తీసుకోవాలి గదా. దాన్ని అందులో ఉంచి పైన పల్చటి గుడ్డ కప్పారు. గాలి ఆడుతుంది, తేమ నిలుస్తుంది. నీళ్ళు చల్లారితే అంకి కాస్త వెచ్చటివి పోసేది. ఆ తర్వాత తడి గోనెని గొట్టంలా చుట్టి, ఒకవైపు నించి పాముని లోపలికి పంపారు. అది మెల్లగా గోనెకి ఒరుసుకుంటూ రెండోవైపు బయటికి వచ్చింది. మొదటి రోజంతా చేస్తే తోక దగ్గర ఉంగరం మాత్రం ఊడింది. అది ఊడగానే తాత తోకని వేళ్ళ మధ్య తడిమి, బతికింది, అన్నాడు. నీళ్ళు కాచమన్నాక ఆ రోజు అంకితో ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

రెండో రోజు మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గోనె. పొట్ట మీదిది, వీపు మీదిది చిన్నచిన్న ముక్కలుగా వచ్చింది. అంకి ఒక్కో ముక్కా ఏరి చేటలో పెట్టింది. తల మీదిది మాత్రం రాలేదు. కంటి దగ్గర అంచు కొంచెం లేచి ఊగుతోంది. అంకి వేలు చాచింది.

తాతకి ఎట్టా తెలిసిందో తెలిసింది. టక్కున చెయ్యి పట్టుకున్నాడు. "లాగావంటే కన్నే పోద్ది," అన్నాడు. "నువ్వు తొందరపడితే దానికి ఊడదు. దానికి ఎప్పుడు కుదిరితే అప్పుడే."

అంకి చెయ్యి వెనక్కి తీసుకుంది. తాత కోపం కన్నా ఈ ఊరికే కూర్చోవడమే ఎక్కువ కష్టంగా ఉంది దానికి. అయినా కూర్చుంది. నువ్వైతే పది నిమిషాలు కూర్చునేదానివా? నేనూ కూర్చునేదాన్ని కాదులే.

మూడో రోజు మధ్యాహ్నం చేంతాడు గరుకు రాయి మీద తల పెట్టింది. ఆ రాయి అంకే పాక వెనక వెతికి తెచ్చి పెట్టింది. మూతి ఇటు రుద్దింది. అటు రుద్దింది. కాసేపు పడుకుంది. మళ్ళీ రుద్దింది. అప్పుడు పెదవి దగ్గర చీలింది. చీలాక అది తడి గోనెలోకి దూరింది. బయటికి వచ్చేసరికి తల మీది పొర లోపలే ఉండిపోయింది.

అప్పుడు తాత, కుబుసం తేవే, అన్నాడు. అంకి చేట తెచ్చి పక్కన పెట్టింది. గోనెలోంచి తల ముక్క తీసింది. అది నలిగి ముద్దయి ఉంది. నీళ్ళల్లో వేసి, వేలితో మెల్లగా విప్పి, అరచేతిలో పరిచింది. ఒక అద్దం కనపడింది. చూపించింది. తాత వేలితో తడిమి తల ఊపాడు. "రెండోది ఉందా?" అన్నాడు.

అంకి రెండో మడత విప్పింది. అక్కడ ఉంది రెండో కన్ను. మడతలో అణిగిపోయి, గోరంత చోట అంటుకుపోయి ఉంది. చూపు ఉన్నవాళ్ళకే కనపడుతుంది. తాత వేలికి తగలదు.

ఇక్కడ కాస్త ఆగుదాం. నిద్రపోయావా? లేదు గదా. అయితే విను. అంకి ఇప్పుడు లేదు అంటే చాలు. రెండో కన్ను లేదంటే ఆ కుబుసం లెక్కలోకి రాదు. చేంతాడు ఇంకో కుబుసం దాకా వాళ్ళింట్లోనే ఉంటుంది. పాముకి కీడు లేదు, దాని కళ్ళు తేటగా ఉన్నాయి. తాతకి మాట తప్పిన పాపం లేదు. ఎవరికీ తెలియదు. మూడు సార్లు మోసపోయి కూడా ఆ ముసలాయన ఆ పిల్లనే అడుగుతున్నాడు. ఇంకెవర్ని అడుగుతాడు, ఆయనకి వేరే కళ్ళు లేవుగా.

అంకి చేంతాడువైపు చూసింది. అది ఈసారి అంకివైపే చూస్తోంది. నాలిక బయటికి తీసి లోపలికి లాక్కుంటోంది. అంకికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తాత చూపుడువేలు పట్టుకుని, ఆ మడతని చదును చేసి, వేలిని దాని మీద ఆనించింది.

"ఇదీ తాతా రెండోది," అంది. "మూడో కుబుసం అయిపోయింది."

తాత ఆ వేలు అక్కడే ఉంచి, మూడు, అన్నాడు. ఆ తర్వాత, "అన్నం పెట్టవే, ఆకలవుతోంది," అన్నాడు. మూడు రోజుల్నించి ఆయన సరిగ్గా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది అంకికి. రాత్రి వండిన అన్నంలో మజ్జిగ పోసి ఇద్దరూ తిన్నారు.

మర్నాడు పొద్దున్నే బుట్ట ఎత్తుకుని బయల్దేరారు. మొదట దాన్ని పట్టింది వాగు పక్కన తుమ్మచెట్లున్న బీడులో. అక్కడికే వెళ్ళారు. అంకి మూత తీసింది. కొత్త ఒళ్ళు నూనె రాసిన జడలా నిగనిగలాడుతోంది. చేంతాడు తల ఎత్తి ఒకసారి ఆగింది. ఆ తర్వాత బుట్ట అంచు మీదుగా జారి గడ్డిలోకి దిగింది.

"పోయిందా?" అన్నాడు తాత.

"పోతోంది తాతా."

"వెనక్కి తిరిగి చూసిందా?"

అంకి కూడా దానికోసమే చూస్తోంది. ఒక్కసారి తిరుగుతుందేమో అని రెప్ప వెయ్యకుండా చూసింది. తిరిగిందని చెప్పాలని నోటి దాకా వచ్చింది. "లేదు తాతా," అంది. "ఒక్కసారి కూడా చూడలేదు. తిన్నగా తుమ్మచెట్ల మధ్యకి పోయింది."

"తిన్నగా పోయిందా?" అని తాత నవ్వాడు. "అయితే కళ్ళు బాగున్నాయన్నమాట."

అంకి ఏడ్చింది. ఏడిస్తే తాత వద్దనలేదు. అంత ఇష్టమైనది పోతే ఏడవక ఏం చేస్తారు.

ఏంటి, మళ్ళీ వచ్చిందా అంటావా? రాలేదు. పాములు రావమ్మా. మొహం అట్టా పెట్టకు, కథ ఇంకా కాస్త ఉంది.

ఆ తర్వాత ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఎప్పుడూ తాత చేతికర్రతో ముందు నేల తడుముకుంటూ నడిచేవాడు. ఎవరు చెప్పినా తడుముకోకుండా అడుగు వేసేవాడు కాదు. ఆ దారిలో నిన్నటి దాకా లేని గుంట ఒకటి ఉంది, ఎవరో మట్టి తవ్వుకుపోయారు. అంకి కళ్ళు తుడుచుకుంటూ, "గుంట ఉంది తాతా, ఎడమపక్కకి రా," అంది. గురవయ్య కర్ర ఎత్తి చంకలో పెట్టుకుని ఎడమపక్కకి అడుగు వేశాడు.

అంతే.

పాము పోయె పుట్టకి,
పిల్ల వచ్చె ఇంటికి,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.

ఇంక నోరు మూసుకుని పడుకో తల్లీ.